పాత క్యూనాప్‌లో డెబియన్ ఆగిపోతే: ముందు డిస్కులు, తర్వాత ఫ్లాష్, ఆ తర్వాతే కెర్నెల్

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ దగ్గరున్నది క్యూనాప్ టీఎస్-219పీ 2, ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచుకునే రెండు డిస్కుల పెట్టె. కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయాక దాని సాఫ్ట్‌వేర్ తీసేసి డెబియన్ అనే లైనక్స్ వేసుకున్నారు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఈమధ్య డెబియన్‌ను తర్వాతి విడుదలకు అప్‌గ్రేడ్ చేశారు. చివర్లో ఫ్లాష్‌లో (బోర్డు మీది చిన్న నిల్వ చిప్పు) కెర్నెల్‌కి (లైనక్స్ మూల భాగం) చోటు చాలదని ఏదో సందేశం వచ్చింది. అక్కర్లేని ప్యాకేజీలు తీసేయాలా అని అడిగితే తీసేయమన్నారు, రీబూట్ కొట్టారు. అప్పట్నుంచి ఫ్యాను తిరుగుతోంది, డిస్కుల చప్పుడు వినిపిస్తోంది, కానీ రౌటర్ జాబితాలో కనిపించదు, వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ అందదు. లోపల మీ నాన్నగారి ఫోటోలు, హరికథల రికార్డింగులు ఉన్నాయి. ఇది కాక, తెలుగు పేర్లున్న కొన్ని ఫైళ్ళు విండోస్ నుంచి అందులోకి కాపీ కావట్లేదన్నది రెండో ప్రశ్న.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి పెట్టె బతికే ఉంది, డిస్కులూ బతికే ఉన్నాయి. బహుశా బూట్ కూడా పూర్తిగా అవుతోంది, నెట్‌వర్క్ ఒక్కటే లేవట్లేదు. ఎందుకలా అనుకుంటున్నానో కింద చెబుతాను. దానికంటే ముందు ఒక్క మాట: రీసెట్ బటన్ జోలికి వెళ్ళకండి. కంపెనీ రికవరీ ఫర్మ్‌వేర్ ఎక్కిద్దామని ఎవరైనా సలహా ఇచ్చినా ఇప్పుడే వద్దు. ఆ ఫర్మ్‌వేర్ తిరిగి వచ్చాక మొదటి తెరలోనే డిస్కులను కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడుగుతుంది. దానికి అవునన్నారంటే ఫోటోలు పోయినట్టే.

మొదటి పని డిస్కులు. కరెంటు తీసేసి రెండు డిస్కులూ బయటికి తీయండి, ఏది ఎడమ అరలోది, ఏది కుడి అరలోది అని వాటి మీద రాసుకోండి. ఒకదాన్ని యూఎస్‌బీ-సాటా అడాప్టర్‌తో ఏదైనా లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్న కంప్యూటర్‌కి తగిలించండి. విండోస్‌కి తగిలించవద్దు. ఈ డిస్కు విండోస్‌కి అర్థం కాదు, ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు సరే అని నొక్కేస్తారు. లైనక్స్‌లో ఎండీఆడ్మ్ అనే ఉపకరణంతో ఆ ఒక్క డిస్కుతోనే రెయిడ్‌ను (డిస్కులను జత కలిపే అమరికను) చదవడానికి మాత్రమే పనికొచ్చేలా లేపి, ఫైల్ సిస్టమ్‌ను కూడా రీడ్-ఓన్లీగా, జర్నల్ (సగంలో ఆగిన రాతల చిట్టా) మళ్ళీ ఆడించకుండా మౌంట్ చేయండి. మీది రెయిడ్ 1, అంటే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా, కాబట్టి ఒక్క డిస్కులోనే మొత్తం ఉంటుంది. డెబియన్ వేసినప్పుడు పార్టిషన్లు మార్చకుండా క్యూనాప్ పాత అమరికనే ఉంచి ఉంటే డేటా మూడో పార్టిషన్‌లో ఉంటుంది. మొదటిదీ నాలుగోదీ సిస్టమ్ కోసం పెట్టిన చిన్న ముక్కలు, రెండోది స్వాప్.

రెండు టెరాబైట్లు దాటిన డిస్కులతో ఒక చిక్కుంది. కొన్ని యూఎస్‌బీ డాకులు 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లుగా చూపిస్తాయి. అప్పుడు పార్టిషన్ పట్టికే కనిపించదు, డిస్కు ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. భయపడకుండా కంప్యూటర్ మదర్‌బోర్డు సాటా పోర్టుకే నేరుగా తగిలించి చూడండి.

ఫోటోలూ రికార్డింగులూ వేరే డిస్కులోకి కాపీ అయ్యి, నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూసుకున్నాకే ముందుకు వెళ్ళండి. రెయిడ్ ఉంది కదా అని ఇన్నాళ్ళూ బ్యాకప్ తీసుకోలేదేమో అని నా అనుమానం. రెయిడ్ 1 ఒక డిస్కు పాడైతే ఆదుకుంటుంది, అంతవరకే. చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ అనే నెట్‌వర్క్ డిస్కు వాడేవాళ్ళకు ఒక్క రోజులో ఎక్కడెక్కడి పెట్టెలూ ఖాళీ అయిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడి ప్రోగ్రాములు క్యూనాప్ పెట్టెల మీద పడి ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ రెయిడ్ ఆపలేదు.

ఇప్పుడు మీ పెట్టె ఎందుకు మూగబోయిందో చూద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఈ ఒక్కటి అర్థమైతే ఈ రకం పెట్టెల్లో వచ్చే సగం ఇబ్బందులు అర్థమవుతాయి.

మామూలు కంప్యూటర్ కెర్నెల్‌ను డిస్కు మీంచి చదువుతుంది. మీ పెట్టె అలా కాదు. బోర్డు మీద 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఉంది, కెర్నెల్ అందులోంచి వస్తుంది. ఆ 16 మెగాబైట్లు ఆరు గదులుగా పంచి ఉంటాయి: యూ-బూట్‌కి (కెర్నెల్‌ను లేపే తొలి ప్రోగ్రాము) అర మెగాబైట్, యూ-బూట్ సెట్టింగులకు 256 కిలోబైట్లు, క్యూనాప్ సొంత సెట్టింగులకు ఒకటింపావు మెగాబైట్, కెర్నెల్‌కి 2 మెగాబైట్లు, మొదటి రూట్ ఫైల్ సిస్టమ్‌కి 9, రెండోదానికి 3. డెబియన్ ఈ పంపకాన్ని అలాగే వాడుకుంటుంది. కెర్నెల్‌ను 2 మెగాబైట్ల గదిలో, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను (డిస్కు తెరిచేదాకా కెర్నెల్ వాడే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్) 9 మెగాబైట్ల గదిలో పెడుతుంది. ఆ పని చేసేది ఫ్లాష్-కెర్నెల్ అనే ప్యాకేజీ.

లైనక్స్ కెర్నెల్ ఏటేటా లావెక్కుతోంది, గది మాత్రం అంతే ఉంది. మీరు చూసిన సందేశం అదే. కొత్త కెర్నెల్ 2 మెగాబైట్లు దాటింది కాబట్టి ఫ్లాష్-కెర్నెల్ రాయకుండా ఆగిపోయింది. ఆగిపోయి మంచి పని చేసింది, ఎందుకంటే ఫ్లాష్‌లో పాత కెర్నెల్ చెక్కుచెదరకుండా ఉండిపోయింది. కానీ మీరు ఆ తర్వాత అక్కర్లేని ప్యాకేజీలు తీసేశారు. అందులో పాత కెర్నెల్ ప్యాకేజీ, దాంతోపాటు డిస్కు మీదున్న దాని మాడ్యూళ్ళ (విడిగా ఉండే డ్రైవర్ల) ఫోల్డరూ పోయాయి. ఇప్పుడు రీబూట్ చేస్తే ఫ్లాష్‌లోంచి పాత కెర్నెల్ లేస్తుంది. దాని ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కు తెరవడానికి కావాల్సిన మాడ్యూళ్ళు ఉన్నాయి కాబట్టి రూట్ మౌంట్ అవుతుంది. తర్వాత నెట్‌వర్క్ కార్డు డ్రైవరు కోసం డిస్కులో వెతికితే ఆ వెర్షన్ ఫోల్డరే ఉండదు. పెట్టె లేచే ఉంటుంది, తలుపు ఉండదు.

ఇది నిజమేనా అని సీరియల్ కేబుల్ లేకుండానే తేల్చుకోవచ్చు. డెబియన్ రూట్ పార్టిషన్‌ను కంప్యూటర్‌లో మౌంట్ చేసి, లాగులు (పెట్టె తన పనులు రాసుకునే చిట్టాలు) చూడండి. మీరు రీబూట్ చేసిన తర్వాత రాసిన వరుసలు అందులో ఉంటే నా అంచనా సరైనదే. ఆ వరుసల్లోనే నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ పూర్తి పేరు ఉంటుంది. లేకపోతే ఏపీటీ (డెబియన్ ప్యాకేజీలు వేసే, తీసే ఉపకరణం) చరిత్ర లాగులో ఏ కెర్నెల్ ప్యాకేజీ తీసేశారో తేదీతో సహా ఉంటుంది. తేదీ 1970 అని ఉంటే కంగారు పడకండి, బోర్డు మీది గడియారం బ్యాటరీ అయిపోయిందన్నమాట. పైగా నెట్‌వర్క్ లేకపోతే సరైన టైము తెచ్చుకునే దారీ ఉండదు. అందుకే వరుసలను తేదీ చూసి కాకుండా క్రమం చూసి చదవండి.

వెర్షన్ తెలిశాక మరమ్మతు తేలికే. 2005 నుంచి డెబియన్ విడుదల చేసిన ప్యాకేజీలు దాదాపు అన్నీ స్నాప్‌షాట్ అనే దాని భండారంలో తేదీలవారీగా దొరుకుతాయి. సరిగ్గా అదే వెర్షన్ కెర్నెల్ ప్యాకేజీని, మీ చిప్పుకి సరిపోయే ఆర్మెల్ ఆర్కిటెక్చర్‌ది, దించుకోండి. దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. డీపీకేజీ-డెబ్ ఆజ్ఞతో విడి ఫోల్డర్లోకి విప్పి, మాడ్యూళ్ళ ఫోల్డర్‌ను మాత్రం మీ డిస్కులో అది ఉండాల్సిన చోటికి కాపీ చేయండి. తర్వాత మాడ్యూళ్ళ పట్టిక తయారుచేసే డెప్‌మాడ్ ఆజ్ఞను మీ డిస్కు మౌంట్ చేసిన చోటు చూపించి, ఆ వెర్షన్ పేరుతో ఒకసారి నడపండి. చాలామంది మరిచిపోయేది ఈ మెట్టే. విప్పిన ప్యాకేజీలో మాడ్యూళ్ళ పట్టిక ఉండదు, ఇన్‌స్టాల్ అయ్యే వేళ తయారవుతుంది. పట్టిక లేకపోతే మాడ్యూళ్ళు అక్కడే ఉన్నా కెర్నెల్‌కి దొరకవు. డిస్కు మీద రాస్తున్నారు కాబట్టి ఈ పనికి మాత్రం రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి, రెయిడ్‌ను పూర్తిగా లేపి చేయండి. ఒక్కదాని మీదే రాస్తే రెంటికీ పొంతన పోతుంది.

దీంతో పెట్టె నెట్‌వర్క్ మీదికి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. వచ్చిన మరుక్షణం చేయాల్సింది కెర్నెల్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టడం (దానంతటది మారకుండా ఆపడం), ఆ తర్వాత ఫ్లాష్ మొత్తాన్ని కాపీ తీయడం.

ఫ్లాష్ కాపీ గురించి నేను ఎప్పుడూ పట్టుబడతాను. ఎంటీడీ0 నుంచి ఎంటీడీ5 వరకు (ఫ్లాష్‌లోని ఆ ఆరు గదులకు లైనక్స్ పెట్టిన పేర్లు) ఆరు ముక్కలనూ ఆరు ఫైళ్ళుగా తీసి, పెట్టెకు బయట రెండు చోట్ల దాచండి. వేరేవాళ్ళ ఫ్లాష్ కాపీ ఇంటర్నెట్‌లో దొరుకుతుందిలే అనుకోవద్దు. ఎంటీడీ4, ఎంటీడీ5 అనేవి మీ పెట్టె సొంత సెట్టింగులు, మాక్ అడ్రస్ వాటిలో ఉంటుంది. ఇంకొకరిది ఎక్కిస్తే వాళ్ళ అడ్రస్ మీకు వస్తుంది.

ఈ ఆరు ముక్కలు చేతిలో ఉంటే ఎంత పాడైనా వెనక్కి రావచ్చు, యూ-బూట్ బతికి ఉంటే చాలు. ఫ్లాష్‌లో అవి ఉన్న వరుస వేరు, వాటి అంకెల వరుస వేరు. 0, 4, 5, 1, 2, 3 అన్న క్రమంలో కలిపి ఒకే ఫైలు చేస్తే సరిగ్గా 16 మెగాబైట్లు వస్తుంది. డిస్కులు బయటికి తీసి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ వేసి, బీప్ వినిపించాక వదిలితే యూ-బూట్ రికవరీలోకి వెళ్ళి ఆ ఫైలును టీఎఫ్‌టీపీ ద్వారా, అంటే నెట్‌వర్క్ మీదుగా మీ కంప్యూటర్‌ను, అడుగుతుంది. టీఎస్-219 వరస పెట్టెలు అడిగే పేరు ఎఫ్, అండర్‌స్కోర్, టీఎస్-219. పైన రీసెట్ బటన్ ముట్టుకోవద్దన్నది మీ సొంత కాపీ లేనంతవరకే. ఈ పద్ధతినీ, మార్వెల్ చిప్పుల పెట్టెల మీద డెబియన్ ఇన్‌స్టాలర్‌నూ పదేళ్ళకు పైగా మోసినవారిలో ముఖ్యులు మార్టిన్ మిఖ్‌ల్‌మాయర్, ఒకప్పటి డెబియన్ ప్రాజెక్టు నాయకుడు. ఆయన రాసిన పేజీలు ఇప్పటికీ చదవదగ్గవి.

ఒకవేళ పై మరమ్మతుతో లేవకపోతే సీరియల్ కన్సోల్ (కేబుల్‌తో పెట్టె సందేశాలు నేరుగా చదవడం) తప్పదు. లాగుల్లో రీబూట్ తర్వాతి వరుసలు ఒక్కటీ లేకపోయినా నేరుగా ఇక్కడికే రండి. 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ కొనండి, ఖరీదైన వస్తువు కాదు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో అడగండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టును మాత్రం నేరుగా కలపకండి. దాని వోల్టేజీకి బోర్డు కాలిపోతుంది. బోర్డు మీద నాలుగు పిన్నుల వరుస ఉంటుంది. ఏది ఏమిటో మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు: పెట్టె ఆపి ఉన్నప్పుడు లోహపు ఒంటితో కంటిన్యుటీ చూపించేది గ్రౌండ్, పవర్ వేశాక 3.3 దగ్గర కదలకుండా నిలిచేది సప్లై, బూట్ అవుతున్నప్పుడు కిందికీ పైకీ ఊగేది పెట్టె పంపే లైను. సప్లై పిన్నును కలపకండి. మిగతా మూడింట్లో గ్రౌండ్ గ్రౌండ్‌కే, పంపేది అందుకునేదానికి. వేగం 115200, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్.

తెర మీద ఏమీ రాకపోతే పంపే లైనూ అందుకునే లైనూ తారుమారు చేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు, లేదా గ్రౌండ్ సరిగా తగల్లేదు. యూ-బూట్ పలికి, సీఆర్‌సీ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) సరిపోలేదనో మ్యాజిక్ నంబర్ తప్పనో ఆగితే ఫ్లాష్‌లో కెర్నెల్ ముక్క పాడైంది, మీ సొంత ఫ్లాష్ కాపీ ఉంటే పైన చెప్పిన రికవరీ దారి పట్టండి. ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే రూట్ దొరకలేదని. రెయిడ్ సెట్టింగు ఫైలు మార్చి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్ళీ కట్టకపోవడం దానికి మామూలు కారణం. డిస్కులు లేవడానికి టైము పడుతుంటే బూట్ వాక్యంలో (యూ-బూట్ కెర్నెల్‌కి అందించే సెట్టింగుల వరుసలో) రూట్ కోసం కొన్ని సెకన్లు ఆగమని చెప్పినా సరిపోతుంది.

అన్నిటికంటే తికమక పెట్టేది మరొకటి. కెర్నెల్‌ను విప్పడం అయిపోయింది, బూట్ చేస్తున్నాను అన్న వాక్యం వచ్చి అంతటితో నిశ్శబ్దం. సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకున్నవాళ్ళకు ఇది దాదాపు తప్పనిసరిగా ఎదురవుతుంది. ఈ పెట్టెల్లోని పాత యూ-బూట్‌కి డివైస్ ట్రీ (బోర్డులో ఏయే భాగాలున్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైలు) అంటే తెలియదు. కాబట్టి డివైస్ ట్రీ ఫైలును కెర్నెల్ చివర అతికించి, ఆ రెంటినీ కలిపి చుట్టి ఫ్లాష్‌లో పెట్టాలి. ఫ్లాష్-కెర్నెల్ ఈ పని తనే చేస్తుంది, చేత్తో చేసేవాళ్ళు అతికించడం మరిచిపోతారు. ఇంకో మాట, టీఎస్-219 పేరుతో రెండు డివైస్ ట్రీలు ఉన్నాయి, ఒకటి 6281 చిప్పుకి, ఇంకోటి 6282 చిప్పుకి. మీ 219పీ 2లో ఉన్నది రెండోది.

ఇక 2 మెగాబైట్ల గది సంగతి. కెర్నెల్ 2 దాటినా 3 లోపు ఉంటే ఒక దారి ఉంది: చివరనున్న 3 మెగాబైట్ల గది డెబియన్ వాడదు, కెర్నెల్‌ను అందులో పెట్టవచ్చు. కానీ ఫ్లాష్-కెర్నెల్‌కి గది పేరు మార్చి చెబితే సరిపోదు, యూ-బూట్ సెట్టింగులు కూడా మార్చాలి. అందులో ఉన్న బూట్ ఆజ్ఞ ఫ్లాష్‌లోని కెర్నెల్ గదిని మెమరీలో 8వ మెగాబైట్ దగ్గరికి, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను 10వ మెగాబైట్ దగ్గరికి కాపీ చేస్తుంది. రెంటి మధ్య సరిగ్గా 2 మెగాబైట్ల ఎడమే ఉందని గమనించండి. 3 మెగాబైట్ల కెర్నెల్ గదిని అక్కడికే కాపీ చేస్తే దాని తోక మీద ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ వచ్చి పడుతుంది. అందుకే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను 11వ మెగాబైట్‌కి జరపాలి, కెర్నెల్‌కి దాని చోటు చెప్పే బూట్ వాక్యంలో కూడా అదే మార్పు చేయాలి. మూడు మార్పులూ కలిసే జరగాలి, ఒకటి తప్పినా లేవదు.

యూ-బూట్ సెట్టింగులను లైనక్స్ నుంచే మార్చే ఉపకరణాలు ఉన్నాయి. ముందు చదివే ఆజ్ఞ ఇచ్చి చూడండి. సీఆర్‌సీ తప్పు, డిఫాల్ట్ సెట్టింగులు చూపిస్తున్నాను అని అది అంటే అక్కడితో ఆగండి. సెట్టింగుల చోటో సైజో దానికి మీరు తప్పుగా చెప్పారని అర్థం. ఆ స్థితిలో రాస్తే అసలు సెట్టింగులు పోయి డిఫాల్ట్‌వి మిగులుతాయి. సీరియల్ కేబుల్ తగిలించి ఉంచుకోకుండా ఈ మార్పుకి పూనుకోవద్దని నా గట్టి సలహా.

ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ 9 మెగాబైట్లు దాటితే మాత్రం ఇంత కష్టం లేదు. దాని సెట్టింగుల్లో మాడ్యూళ్ళు అన్నీ కాకుండా ఈ యంత్రానికి కావాల్సినవి మాత్రమే పెట్టమని మార్చి, కుదింపుకి ఎక్స్‌జడ్ వాడితే చాలావరకు సరిపోతుంది.

ఇంత చేసి ఎన్నాళ్ళు నడుస్తుందని మీరు అడగాలి. మీ పెట్టెలోది మార్వెల్ కిర్క్‌వుడ్, ఆర్మ్ 5వ తరం, దశాంశ లెక్కల యూనిట్ లేని చిప్పు. దానికి సరిపోయే డెబియన్ రూపం ఆర్మెల్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ట్రిక్సీ ఆర్మెల్‌కి చివరి విడుదల. అందులో ఆర్మెల్ ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ ప్యాకేజీలు కూడా మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై, పై జీరో, జీరో డబ్ల్యూలకే ఉన్నాయి. కిర్క్‌వుడ్ మీద ట్రిక్సీ నడపాలంటే బయటివాళ్ళు కట్టిన కెర్నెల్ వాడుకోవాలి. డూజన్ అనే ఇంటర్నెట్ సముదాయంలో ఈ చిప్పుల కోసం కెర్నెళ్ళు, యూ-బూట్‌లు ఏళ్ళ తరబడి ఓపిగ్గా కడుతున్నారు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ పెట్టెను ఇంటి నెట్‌వర్క్ దాటి బయటికి తెరవకండి, రౌటర్లో దీనికి ఏ పోర్టూ ఫార్వర్డ్ చేయకండి. ఫోటోల మొదటి ఇల్లుగా కాకుండా రెండో కాపీగా వాడండి. రోజూ వాడే కాపీ కంప్యూటర్లోనో కొత్త పెట్టెలోనో ఉండనివ్వండి. రాత్రి ఆర్‌సింక్‌తో (మారిన ఫైళ్ళను మాత్రమే కాపీ చేసే ఉపకరణం) దీనిలోకి ఒక కాపీ వచ్చేస్తే చాలు. ఆ పనికి 512 మెగాబైట్ల మెమరీ బాగా సరిపోతుంది. నెక్స్ట్‌క్లౌడ్ లాంటి బరువైన సర్వర్ ప్రోగ్రాములు దీని మీద వేయాలని చూడకండి. ఆర్‌సింక్‌ను ఎస్ఎస్‌హెచ్ మీదుగా కాకుండా దాని సొంత సర్వీసుగా నడపండి, ఎన్‌క్రిప్షన్ లెక్కలకే ఈ చిప్పు అలిసిపోతుంది, ఇంటి లోపలి తీగ మీద దాని అవసరమూ లేదు. వేగం ఎంత చేసినా సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంటే తప్పు లైనక్స్‌ది కాదు, చాలావరకు కేబుల్‌ది. ఎనిమిది తీగల్లో 100 మెగాబిట్లకు అక్కర్లేని నాలుగింటిలో ఒకటి తెగితే గిగాబిట్ లింకు 100 మెగాబిట్లకు దిగిపోవచ్చు. ఈథ్‌టూల్ అనే ఆజ్ఞను అడిగితే లింకు వేగం చెబుతుంది.

లేచాక ఫ్యాను సంగతి మరిచిపోవద్దు. ఈ పెట్టెలో ఫ్యాను, బజరు, ముందువైపు లైట్లు ప్రధాన చిప్పు చేతిలో ఉండవు, విడిగా ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చూసుకుంటుంది. దానితో మాట్లాడేది క్యూకంట్రోల్ అనే సర్వీసు. అది నడవకపోతే లైటు ఎర్రగా పచ్చగా మెరుస్తూనే ఉంటుంది, చూసేవాళ్ళు బూట్ కాలేదనుకుంటారు. అంతకంటే ముఖ్యం, వేడికి తగ్గట్టు ఫ్యాను వేగం పెరగదు. మన మే నెలలో గది వేడే 40 దాటుతుంది. స్మార్ట్ లెక్కల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చెప్పేవి) డిస్కు ఉష్ణోగ్రత 50కి దగ్గరపడుతుంటే పెట్టెను గోడకు దూరంగా జరిపి, ఫ్యాను దుమ్ము దులపండి.

పవర్ అడాప్టర్ మీద కూడా ఒక కన్నేయండి. ఏళ్ళు గడిచిన 12 వోల్టుల అడాప్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా 12 చూపిస్తాయి, రెండు డిస్కులూ ఒకేసారి తిరగడం మొదలెట్టిన క్షణంలో కిందికి జారతాయి. అప్పుడు లాగుల్లో సాటా లింకు మెల్లగా స్పందిస్తోందనీ, రీసెట్ చేస్తున్నాననీ వరుసలు వస్తాయి, రెయిడ్‌లోంచి ఒక డిస్కు ఊడిపోతుంది. జనం డిస్కు మారుస్తారు, కెర్నెల్ మారుస్తారు. ఊడిపోయే డిస్కు ప్రతిసారీ ఒకటే కాకుండా మారుతూ ఉంటే ముందు అడాప్టర్‌ను అనుమానించండి.

మీ పక్కింటివారి మై బుక్ లైవ్ గురించి కూడా ఒక వాక్యం అడిగారు. దానిలోది పవర్‌పీసీ చిప్పు, డేటా పార్టిషన్ లైనక్స్ మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అయినా బ్లాకు సైజు 64 కిలోబైట్లు. మామూలు కంప్యూటర్ కెర్నెల్ దాన్ని మౌంట్ చేయనంటే డిస్కు పాడైందనుకోవద్దు. ఫ్యూజ్2ఎఫ్‌ఎస్, డీబగ్ఎఫ్‌ఎస్ అనే ఉపకరణాల్లో ఒకదానితో ఫైళ్ళు బయటికి తీయవచ్చు.

ఇప్పుడు తెలుగు పేర్ల సంగతి. ఇది మీ సాంబా (విండోస్‌తో ఫైళ్ళు పంచుకునే సర్వీసు) సెట్టింగుల తప్పు కాదు. లైనక్స్ ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కూడా పరిమితి 255 అనే చెబుతారు గానీ, అక్కడ లెక్క బైట్లలో కాదు, 16 బిట్ల యూనిట్లలో. ఇంగ్లిషు పేర్లకు రెండూ ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. తెలుగులో యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటీ విండోస్ లెక్కలో ఒక యూనిట్, లైనక్స్ వాడే యూటీఎఫ్-8లో మూడు బైట్లు. అంటే మీకు దొరికేది 85 గుర్తులే. పైగా వత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడి గుర్తులు. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. 'శ్రీకృష్ణ' అని రాస్తే 27 బైట్లు ఖర్చు. హరికథ పేరు, భాగవతారు పేరు, ఊరు, ఉత్సవం, సంవత్సరం అన్నీ కలిపి మీరు పెట్టిన పొడుగాటి పేర్లు విండోస్‌లో హాయిగా ఇముడుతాయి, ఇక్కడ ఇమడవు. ఫోల్డరును ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేస్తే పరిమితి 143 బైట్లకు, అంటే 47 గుర్తులకు పడిపోతుంది.

ఏ ఫైళ్ళు దాటాయో కనిపెట్టడానికి ఆ విండోస్ డిస్కును లైనక్స్‌లో మౌంట్ చేసి, పేర్లన్నీ ఫైండ్ ఆజ్ఞతో తీసి, లొకేల్‌ను (భాష సెట్టింగును) 'సీ' అనేదానికి మార్చి ఆక్ ఆజ్ఞతో పొడవు లెక్కించండి. అప్పుడు లెక్క బైట్లలో వస్తుంది, 255 దాటినవి జాబితాగా బయటపడతాయి. వాటిని కుదించేటప్పుడు ఆ వివరాలు పారేయవద్దు. ఊరు, ఉత్సవం, సంవత్సరం ఫోల్డర్ల పేర్లుగా మార్చండి, ఈ 255 పరిమితి ఒక్కో పేరుకే, మొత్తం దారికి కాదు. అయినా దారిని మరీ పొడిగించవద్దు, 260 గుర్తులు దాటిన దారిని విండోస్‌లో చాలా ప్రోగ్రాములు తెరవలేవు. రికార్డింగుల లోపలి ట్యాగుల్లో పూర్తి పేరు రాస్తే ఇంకా మంచిది.

పాత క్యూనాప్ రోజుల్లో ఎఫ్‌టీపీ ద్వారా ఎక్కించినవాటిలో ప్రశ్న గుర్తుల వరసలుగా కనిపించే పేర్లు ఉంటే, అవి తిరిగి రావు. పాత ప్రోగ్రాములు వాడే సిస్టమ్ కోడ్‌పేజీ (యూనికోడ్‌కి ముందరి అక్షరాల పట్టిక) విండోస్‌లో తెలుగుకి లేదు, అందుకే ఆ పాత ప్రోగ్రాములు ప్రతి అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్న గుర్తు రాసేశాయి. పేరు అడ్డదిడ్డం లాటిన్ అక్షరాలుగా కనిపిస్తే మాత్రం ఆశ ఉంది. అసలు బైట్లు అలాగే ఉండి, రెండుసార్లు మారిపోయాయన్నమాట. కన్వ్‌ఎంవీ అనే ఉపకరణం వాటిని సరిచేస్తుంది. మామూలుగా నడిపితే అది ఏం మారుస్తుందో చూపిస్తుందే గానీ మార్చదు, కాబట్టి నిశ్చింతగా నడిపి చూడండి. తెర మీద తెలుగు సరిగ్గా కనిపించాకే నిజంగా మార్చే ఆప్షన్ ఇవ్వండి. మాడ్యూళ్ళు తిరిగి పెట్టాక కూడా పెట్టె నెట్‌వర్క్ మీదికి రాకపోతే, సీరియల్ లాగును యూ-బూట్ మొదటి వరుస నుంచి ఆగిపోయిన చోటు వరకు ఏదీ కత్తిరించకుండా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.